మూడు మైకులు, రెండున్నర శ్రుతి

మైకు అనే వస్తువు మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. అరవై తొమ్మిదిలో మొదలైంది. ఆ ఏడు ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి. చదువు లేదు, పరీక్షలు లేవు. జనగామలో మేం ముగ్గురం ఇంట్లో తిట్లు తింటూ, బయట ఊరేగింపుల్లో పాటలు పాడుతూ తిరిగాం. ఒకడిది గొంతు, ఒకడిది ఢోలక్, నాది హార్మోనియం. పాడేవాడు మాకంటే రెండేళ్లు పెద్ద. రెండుసార్లు పరీక్ష తప్పి మా తరగతిలోకి వచ్చి పడ్డాడు. అయినా పెద్దరికం పోగొట్టడం ఎందుకని అన్న అనే పిలిచేవాళ్లం.

ఒకరోజు ఊరేగింపుకు రిక్షా మీద మైకు సెట్టు కట్టారు. పైన గొట్టం, కింద బ్యాటరీ. మా ఢోలక్ వాడు తన దెబ్బ బజారంతా మోగుతుందని వారం రోజులుగా కలలు కంటున్నాడు. అన్న పల్లవి ఎత్తుకున్నాడు. వీడి ముక్తాయింపు వచ్చే సమయానికి బ్యాటరీ చచ్చింది. అన్న మైకును పక్కన పెట్టి ఉత్త గొంతుతో పాట మొత్తం పాడేశాడు. బజారు చివర కిరాణా కొట్టు దాకా వినిపించిందని తరువాత చెప్పారు. ఢోలక్ వాడికి అదేదీ పట్టలేదు. మైకు సెట్టు ఆయన కాలర్ పట్టుకుని వేలాడాడు. ఆనాటి నుంచి వాడికి మైకు దయ్యం పట్టింది. ఆ దయ్యం తరువాత నాకూ అంటుకుంది, అది వేరే దరిద్రం.

ఆ పాట మాదే. బాయి తవ్వే వాళ్ల పాట. ఏడు చరణాలు. "ఇంకొక్క పోటు వెయ్యన్న, తడి తగిలింది చూడన్న" అని పల్లవి. అన్నకు బంగారంలాంటి గొంతు ఉండేది గానీ తన చెవి మీద తనకు నమ్మకం లేదు. పాట అయిపోగానే నా వైపు చూసేవాడు. మొదటి చరణంలో పట్టిన మెట్టు మీదే చివరి చరణం దాకా నిలిచాడా లేదా నా హార్మోనియం చెప్పాలి. నిలిస్తే నేను తల ఊపేవాణ్ని. ఊపకపోతే మారు మాట లేకుండా మళ్లీ మొదటి నుంచి పాడేవాడు. జనం చప్పట్లు కొట్టినా సరే, నా తల ఊగేదాకా ఆయనకు పాట అయినట్టు కాదు. ఆయన శ్రుతి రెండున్నర. నా పెట్టెలో ఆ నల్లమెట్టు నా వేలు తగిలి తగిలి వెలిసిపోయింది.

తరువాత ఉద్యోగాలు మమ్మల్ని తలా ఒక దిక్కుకు విసిరేశాయి. నేను జనగామలోనే బడిపంతులునయ్యాను. అన్న మహబూబాబాద్ స్టేషన్లో టికెట్లిచ్చే గుమస్తా. ఢోలక్ వాడు భూపాలపల్లిలో అడవి శాఖ ఆఫీసులో గుమస్తా. పదేళ్లపాటు పెళ్లిళ్లలో కలిస్తే కలిసినట్టు. ఎనభైల్లోకి వచ్చాక ఇళ్లల్లోకి టేప్ రికార్డర్లు వచ్చాయి, మేమూ తలా ఒకటి కొన్నాం. అప్పటి నుంచి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు తిరిగేవి. మహబూబాబాద్ నుంచి జనగామకు రైలు గార్డు చేతిలో, జనగామ నుంచి భూపాలపల్లికి హన్మకొండలో బస్సు మారి ఒక కండక్టర్ సంచిలోంచి ఇంకో కండక్టర్ సంచిలోకి. ఒకసారి మా క్యాసెట్ పరకాలలో దిగిపోయి వారం రోజులు అక్కడే కాపురం చేసి వచ్చింది.

అన్న క్యాసెట్లన్నీ ఒకే మాటతో ముగిసేవి. "శ్రుతి ఎట్లున్నదో జర చెప్పుండ్రి." పదేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు.

ఒక ఆషాఢంలో వచ్చిన క్యాసెట్లో పాట లేదు. అన్న గొంతు బొంగురుగా ఉంది. రోజంతా ఆ టికెట్ కిటికీ రంధ్రంలోంచి అరిచి అరిచి గొంతులో కాయ కాసిందట. గార్లకా, డోర్నకల్‌కా అని ప్రతి మనిషినీ రెండుసార్లు అడగాలి మరి. వరంగల్ దవాఖానలో చూపించాడు. కార్తీకం దాటినంక ఆపరేషన్ అన్నారు. డాక్టర్ చెప్పిన మాటను అన్న అట్లాగే అప్పజెప్పాడు. "మాట వస్తదట. పాటకు మాత్రం నేను జవాబు చెప్పలేను అన్నడు. అందుకే ఆ బాయి పాట ఒక్కటి మన ముగ్గురం కలిసి క్యాసెట్ల పట్టి పెట్టుకుందాం. ఒక్కటి చాలు నాకు."

ఒక్క పాట. చేతిలో అయిదు నెలలు. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే మధ్యాహ్నానికి మహబూబాబాద్‌లో ఉంటాం. ఏదో ఒక ఆదివారం ముగ్గురం ఒకచోట కూర్చుంటే అయిపోయేది గదా అని మీరు అడగవచ్చు. అడగండి. నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఆదివారం అన్నకు డ్యూటీ ఉంటే ఢోలక్ వాడికి సెలవు, వాడికి అడవిలో పని పడితే నాకు సెలవు. ఈ సాకులకు తోడు, ముగ్గురికీ టేప్ రికార్డర్లున్నాయి, ఎక్కడి వాళ్లం అక్కడే ఉండి పాట పట్టవచ్చని మా తెలివితేటలు.

పద్ధతి ఇది. అన్న ముందు ఉత్త గొంతుతో పాడి పంపాలి. నేను ఆ క్యాసెట్ నా మెషీన్లో పెట్టి, దానితోపాటు హార్మోనియం వాయిస్తే, పక్కన బడి నుంచి తెచ్చిన ఇంకో మెషీన్ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. అది భూపాలపల్లి పోతే అక్కడ అదే తీరున ఢోలక్ కలుస్తుంది. చెయ్యి మారిన ప్రతిసారీ గొంతు ఒక అడుగు వెనక్కి పోతుంది, మూడో చేతికి చేరేసరికి పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. కాబట్టి మంచి మైకు కావాలి. ఈ మాట ఢోలక్ వాడు అన్నాడు, నేను ఒప్పుకున్నాను. మా కొంప అక్కడే మునిగింది.

శ్రావణంలో భూపాలపల్లి నుంచి క్యాసెట్ వచ్చింది. ఆత్రంగా పెట్టాను. "హలో, హలో. ఇది ఒకటో మైకు. ఇప్పుడు కుండల పెట్టిన. ఇప్పుడు కుండ మీద తువ్వాల కప్పిన. ఇది రెండో మైకు, దండేనికి ఏలాడగట్టిన. ఏది మంచిగున్నదో చెప్పుండ్రి." అరగంట ఇదే. వాడు పెళ్లిళ్లకు మైకు సెట్లు కట్టేవాణ్ని పట్టుకుని మైకులు ఇంటికి తెచ్చుకున్నాడు. ఢోలక్ ఒక్క దెబ్బ కూడా లేదు. నాకు ఒళ్లు మండింది. మండి ఊరుకున్నానా అంటే లేదు. సికింద్రాబాద్ నుంచి తెప్పించిన వెండి రంగు మైకు నా దగ్గర ఉంది, అది వాడి కుండ మైకు కంటే మేలని చూపించాలి గదా. నేనూ అరగంట పట్టి పంపాను. హార్మోనియం రెండున్నర మెట్టు ఒక్కటే నొక్కి పట్టుకుని, "ఇది రెండున్నర, నా మైకు దగ్గరగా. ఇది రెండున్నర, మైకు గజం దూరం" అని చెప్పుకుంటూ పోయాను. ఇద్దరు వయసొచ్చిన గుడ్డి ఎద్దులం, చేనంతా తొక్కాం.

వాడు జవాబుతోపాటు నా క్యాసెట్ తిప్పి పంపాడు. నా మైకు మంచిదేనట గానీ వెనక కరెంటు గుర్రుమంటున్నదట. ప్లగ్గు పీకేసి సెల్లుల మీద నడిపిస్తే ఆ గుర్రు పోతుందట. ఆ మాట నిజమే, పీకి చూస్తే గుర్రు పోయింది. పోయిన గుర్రును చూసి మురిసిపోయి నేను ఇంకో క్యాసెట్ నిండా మైకు పరీక్షలు చేశాను. భాద్రపదం కూడా ఇట్లాగే కరిగింది. ఈ రెండు నెలల్లో మా ఆడవాళ్లు మా మొహాన ఉమ్మలేదంటే అది వాళ్ల మంచితనం.

ఈ పంచాయితీ అంతా జరుగుతుంటే అన్న ఒక్క క్యాసెట్టే పంపాడు. "మైకుల సంగతి మీరు చూసుకోండ్రి. నా తాన మెషీన్ల ఉన్న మైకే ఉన్నది. మా ఇంటి వడ్లర్రల, వడ్ల బస్తాల నడుమ పెట్టిన. నాలుగింటి గూడ్సు పోయినంక ప్యాసింజర్ వచ్చేదాక ఇరవై నిమిషాలు సందు దొరుకుతది. ఆ సందుల పాడి పంపిస్త." మేం ఇద్దరం ఆ మాటకు నవ్వుకున్నాం. మెషీన్‌లో మైకు అట, వడ్ల బస్తాలట.

బతుకమ్మ రోజుల్లో పాట వచ్చింది. బడికి సెలవులు. ఆ పొద్దున్నే ఢోలక్ వాడి ఉత్తరం కూడా వచ్చింది, నా వెండి మైకును డాల్డా డబ్బా అన్నాడు. ఆ మంట మీదే ఉండి అన్న క్యాసెట్ మెషీన్లో పెట్టి హార్మోనియం ముందుకు లాక్కున్నాను. రెండున్నర మెట్టు నొక్కాను. కలవలేదు. గొంతు మెట్టుకు కింద పడింది. దాని కింది మెట్టు రెండుకు దిగి చూశాను, దానికి కొంచెం పైన ఉంది. చరణాలు సాగినకొద్దీ ఇంకా జారింది. గొంతు బరువుగా, లయ ఈడుస్తున్నట్టుగా ఉంది. ఊపిరి అందడం లేదనుకున్నాను. రెండు మెట్ల సందులో పడ్డ పాటకు హార్మోనియం ఏం చేస్తుంది? దానికి సందులు లేవు, మెట్లే ఉన్నాయి. మూడుసార్లు పెట్టాను, మూడోసారి మరీ కిందికి దిగింది.

నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఢోలక్ వాడి మీద కోపం, పోయిన రెండు నెలల మీద కోపం, ఆ కాయ మీద కోపం. ఆ కోపంలోనే ఇన్‌ల్యాండ్ కవరు తీసి అన్నకు రాశాను. అక్షరం మరచిపోలేదు. "అన్నా, శ్రుతి పోయింది. మొదటి చరణంలోనే దిగింది, ఆఖరుకు రెండు మీద కూడా నిలవలేదు. గొంతు అప్పుడే పోయినట్టున్నది. ఇంక దానితోని కొట్లాడకు." బడిలో పిల్లలకు మార్కులు వేసినట్టు రాసి, డబ్బాలో వేసి వచ్చి అన్నం తిన్నాను.

జవాబు రాలేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. నొచ్చుకున్నాడేమో, చల్లబడితే రాస్తాడులే అనుకున్నాను. భూపాలపల్లి వాడు మాత్రం క్యాసెట్ ఏదని ఉత్తరం మీద ఉత్తరం. నేను పంపలేదు. పోయిన గొంతును వాడి కుండలో పెట్టడం ఎందుకని.

దీపావళికి వారం ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ క్యాసెట్ కోసం వెతుకుతూ, దేని మీద ఏముందోనని ఒక్కొక్కటే పెట్టి వింటున్నాను. శ్రావణం నాటి నా మైకు పరీక్ష మోగింది. "ఇది రెండున్నర, నా మైకు దగ్గరగా" అని నా గొంతు. ఆ గొంతు నాదిగా లేదు. నిద్రలో మాట్లాడుతున్నట్టు, ఎవరో ముసలాయన మాట్లాడుతున్నట్టు ఉంది. పక్కనే ఉన్న హార్మోనియం తిత్తి లాగి రెండున్నర నొక్కాను. టేపులో నేను నొక్కిన రెండున్నరకూ, ఎదురుగా నేను నొక్కుతున్న రెండున్నరకూ పొంతన లేదు. టేపులోది కిందికి దిగింది.

మనిషి శ్రుతి తప్పుతాడు. హార్మోనియంకు గొంతు నొప్పి రాదు గదా.

మెషీన్ తిరగేసి సెల్లులు తీశాను. ఒకటి నీరు కారుతోంది. రెండు నెలలు మైకు పరీక్షలతో వాటి ప్రాణం తీసింది నేనే. అవి నీరసించి టేపును మెల్లగా తిప్పుతుంటే పాట కిందికి జారింది. ప్లగ్గు తెచ్చి గోడకు పెట్టాను. గుర్రుమని చప్పుడు వచ్చింది. ఆ గుర్రుతోపాటే రెండున్నర వచ్చి రెండున్నర మీద కూర్చుంది. అన్న క్యాసెట్ పెట్టాను. ఏడు చరణాలు. వెంట్రుకవాసి దిగలేదు. వెనక వడ్లర్ర నిశ్శబ్దం, గొంతులో ఆ చిన్న బొంగురు, పల్లవికి వచ్చిన ప్రతిసారీ మొదటిసారి తడి తగిలినట్టే పాడాడు. మా మైకులు మూడూ కలిపినా అంత శుభ్రంగా పట్టేవి కావు. పాట అయినాక ఆ మాట ఉంది. సెల్లులు మూలుగుతున్నప్పుడు నేను అంతదాకా వినలేదు, ముందే ఆపేశాను. "శ్రుతి ఎట్లున్నదో జర చెప్పుండ్రి." ఆడలేక మద్దెల ఓడు అన్నవాడి సంగతి విన్నాను గానీ, ఓటి మద్దెల పెట్టుకుని ఆడేవాణ్ని కుంటివాడన్నవాణ్ని నన్నే చూస్తున్నాను.

తెల్లవారి బడికి సెలవు చీటీ పంపి, అన్న క్యాసెట్ జేబులో వేసుకుని, హార్మోనియం ఒళ్లో పెట్టుకుని ప్యాసింజర్ ఎక్కాను. దోవ పొడుగునా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. కార్తీకం దాటడానికి ఇంకా నెల పైన ఉంది. ఈసారి మైకు లేదు, మన్ను లేదు. ఆ వడ్లర్రలోనే ఎదురుగా కూర్చుని వాయిస్తాను, ఆయన మెషీన్‌లోనే పడుతుంది. ఢోలక్ వాణ్ని తంతి కొట్టి రప్పిస్తాను. ఒక్క ఇరవై నిమిషాల సందు చాలు.

తలుపు వదిన తీసింది. హార్మోనియం చూసి ఆమె మొహం ఎట్లాగో అయింది.

"మాట్లాడొద్దన్నరు, మరిదీ. నువ్వు గూడ ఆయనతోని మాట్లాడియ్యకు."

ఎందుకని అడగకముందే ఆమే చెప్పింది.

"ఆపరేషన్ అయ్యి ఎనిమిది రోజులైతంది. కార్తీకం దాటినంక అన్నరు గదా. నీ ఉత్తరం వచ్చిన తెల్లారే వరంగల్ పోయి, ఇంక ఆగుడు దేనికి, ఎంత జల్దయితే అంత జల్ది చేసెయ్యుండ్రి అని చెప్పి వచ్చిండు. ఉత్తరంల ఏం రాసినవో నాకైతే చూపియ్యలే."

అన్న లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడకు మఫ్లర్, ఒళ్లో పిల్లల పలక. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను మంచం పట్టె మీద కూలబడ్డాను. చెప్పాను. సెల్లుల సంగతి, ప్లగ్గు పీకిన సంగతి, నా సొంత హార్మోనియం కూడా శ్రుతి దిగిన సంగతి. చెబుతుంటే నాకే ఎంత లేకి సంగతో అనిపించింది. ఒక మనిషి పాటను నాలుగు పనికిరాని సెల్లులు తిన్నాయి. కాదు, సెల్లులు తినలేదు, నా ఉత్తరం తిన్నది. ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడవలసింది. చూడలేదు. పదిహేనేళ్లుగా ఆయన నా తల వైపు చూస్తుంటే, నా చెవి తప్పదని ఆయన కంటే నేనే ఎక్కువ నమ్మాను.

"పాడినప్పుడు నీకు తెల్వలేదా అన్నా?" అని అడిగాను. "మంచిగ పాడుతున్న అని నీకు తెల్వలేదా?"

ఆయన మీదికి తప్పు నెట్టే మాట అది. నోరు దాటినాక గానీ నాకు తెలియలేదు. అన్న బలపం తీసుకుని మెల్లగా రాసి పలక నా వైపు తిప్పాడు.

"మంచిగనే ఉన్నదనిపించింది. నువ్వు పోయిందంటే నమ్మిన."

నేను ఏడ్చాను. వదిన నీళ్లు తెచ్చి పెట్టి లోపలికి పోయింది. అన్న పలక తుడిచాడు, నా జేబులో ఉన్న క్యాసెట్ వైపు వేలు చూపించాడు. ఆయన మెషీన్ అలమరలో ఉంది. ప్లగ్గు గోడకే ఉందా అని రెండుసార్లు చూసుకుని క్యాసెట్ పెట్టాను. ఆయనే సైగ చేశాడు, హార్మోనియం తియ్యమని.

రెండున్నర నొక్కాను. గొంతు వచ్చి మెట్టు మీద నిలబడింది. రెండో మెషీన్ లేదు, మా కలయికను పట్టేందుకు ఆ ఇంట్లో ఏదీ లేదు. ఏడు చరణాలూ వాయించాను. అన్న తన గొంతును తాను వింటూ పలక అంచు మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు, ఢోలక్ వాడి వంతు కూడా తానే. ఆ ఢోలక్ వాడికి తరువాత సంగతంతా రాస్తే వాడు రాసిన మొదటి మాట, అన్న ఏ మైకు వాడిండు అని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడగడం అంటే అదే. రెండో మాట రాయడానికి వాడికి నెల పట్టింది, ఆ కాగితం మీద అక్షరాలు తడిసి ఉన్నాయి.

అన్నకు మాట తిరిగి వచ్చింది. డాక్టర్ చెప్పినట్టే టికెట్ కిటికీకి సరిపోయేంత మాట. గార్లకా, డోర్నకల్‌కా అని అడిగేంత. పాట రాలేదు.

అదంతా తరువాత. ఆ మధ్యాహ్నం మాత్రం ఆఖరి పల్లవి అయ్యింది. టేపులోని గొంతు, శ్రుతి ఎట్లున్నదో జర చెప్పుండ్రి, అని అడిగింది. మంచం మీది మనిషి తల ఎత్తి, అరవై తొమ్మిది నుంచి చూసినట్టే, నా వైపు చూశాడు.

తల ఊపాను.